సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులవారు

కావ్యమునకు నాయకుడు రాజో దేవుడో కావలెనని పూర్వుల మతము. ఒక పాడుపడిన ఊరు సైతము కావ్యమునకు నాయకత్వము వహింపగలదని మన సీమలో చాటిన మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులవారు. మనకు పొరుగూరైన ప్రొద్దుటూరిలో బడిపంతులుగా మెలగిన ఆయన చరిత్ర ఈ రజతోత్సవ సంచికలో చేరుట మిక్కిలి సముచితము.

ఆచార్యులవారు 1914వ సంవత్సరము మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున జన్మించిరి. తండ్రి శ్రీనివాసాచార్యులవారు. బాల్యము పెనుగొండలో గడచెను. 1565లో తళ్లికోట యుద్ధమున ఓడి విజయనగరము నేలమట్టమైన పిమ్మట తిరుమలరాయలు రాజధానిగా చేసికొన్న దుర్గమిదియే. కూలిన బురుజులు, పూజలుడిగిన గుళ్లు ఆ బాలునకు నిత్యదర్శనములు. పశువుల కాపరులకు అవి వట్టి రాళ్లు. ఆ బాలునితో మాత్రము అవి మాటలాడెను.

సంస్కృతాంధ్రములకు తోడు, పెనుగొండలో సబు కలెక్టరుగా నుండిన పిట్ దొరగారి సతి యొద్ద ఆయన ఆంగ్ల సాహిత్యమును అభ్యసించిరి. పరభాషయని విడువక, విద్య ఎచ్చట దొరకిన అచ్చట గ్రహించుట ఆయన స్వభావము.

ఆంగ్లకవులలో స్థలవర్ణనము పదునెనిమిదవ శతాబ్దమున మిక్కిలి వర్ధిల్లెను. థామ్సను 1726 మొదలు 1730 వరకు ఋతువులను కావ్యముగా వ్రాసెను. 1726లోనే డయ్యరు వేల్సు దేశపు కొండపై నిలిచి, శిథిలమైన కోటను జూచి, అధికారము అశాశ్వతమని తలపోసెను. గ్రే 1751లో ప్రకటించిన కావ్యమున పల్లె శ్మశానమందలి పేరులేని శ్రమజీవులకై పరితపించెను. గోల్డుస్మిత్తు 1770లో, ధనికుల భోగలాలసకు ఎరయై జనము వలసపోయిన పల్లెను గూర్చి విలపించెను.

ఆచార్యులవారు మీసకట్టు రాని ప్రాయమున రచించిన పెనుగొండలక్ష్మి ఈ కోవకు చెందదగిన కావ్యము. డయ్యరుది వేదాంతి నిట్టూర్పు. ఆచార్యులవారిది తెలుగు రాజ్యలక్ష్మిని గోల్పోయిన బిడ్డ దుఃఖము. కాలాంతరమున ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చుండగా అదే కావ్యము పాఠ్యగ్రంథమై యుండెను. తన పుస్తకమును తానే చదివి పరీక్ష వ్రాయవలసివచ్చిన కవులు లోకమున అరుదు.

తరువాత ప్రొద్దుటూరు, కడప మున్నగు పట్టణములలో ఉపాధ్యాయులై జీవితము గడపిరి. శివతాండవము ప్రొద్దుటూరి అగస్త్యేశ్వరస్వామి సన్నిధిలో రూపుదాల్చినది. మేఘదూతము, సాక్షాత్కారము, జనప్రియ రామాయణము మొదలుగా అనేక గ్రంథములు వ్రాసిరి. ఆంగ్లమున సైతము కవిత చెప్పిరి. విశ్వనాథవారి ఏకవీరను మలయాళమునకు మార్చిరి. హృషీకేశమున స్వామి శివానందులు సరస్వతీపుత్రుడని బిరుదమొసగిరి. 1972లో పద్మశ్రీ లభించెను. ఇంత కీర్తి గలిగినను సిరి ఆయన గడప త్రొక్కలేదు. 1990 సెప్టెంబరు 1న పరమపదించిరి.

పెన్న ఒడ్డున గండికోట, పుష్పగిరి క్షేత్రము మనకును గలవు. మనమందరము వానిని చూచియే యున్నాము, చూచి ఊరకున్నాము. గ్రామచరిత్ర తెలియనివానికి కోటరాయి గోడకట్టుటకు పనికివచ్చు రాయి మాత్రమే. అట్టి రాయి ఒక్కొక్కటిగా తరలిపోయిన, రేపటి బిడ్డలకు చూపుటకు మిగులునది శూన్యము. గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు పెనుగొండలక్ష్మిని చదివి, తమ ఊరి కొండను, చెరువును, గుడిని ఒకపరి క్రొత్తకన్నులతో చూతురు గాక! ఆ మహాకవికి మనము చెల్లింపగల ఋణము అదియే.