సుల్తాను మాన్పించినా ఆగని చదువు



అమ్మాయి చదువుకు అడ్డంకి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేస్తారన్నదే ఒక్కోసారి ఆమె జీవితాన్ని నిర్ణయిస్తుంది. ఈ నెల పరిచయం చేస్తున్న టర్కీ రచయిత్రి, మహిళా హక్కుల ఉద్యమకారిణి హాలిదే ఎదిబ్ అదివార్ జీవితమే అందుకు ఉదాహరణ.

ఆమె 1884లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోవడంతో అమ్మమ్మ దగ్గర పెరిగారు. తండ్రి మెహ్మద్ ఎదిబ్ సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ కొలువులో ఉద్యోగి. ముస్లిం ఆడపిల్లలు విదేశీ బడుల్లో చదవడం ప్రభుత్వానికి నచ్చని రోజుల్లో ఆయన కూతుర్ని అమెరికన్ బాలికల కళాశాలలో చేర్పించారు. కొంతకాలానికే రాజభవనం ఆజ్ఞతో మాన్పించాల్సి వచ్చింది. సుల్తాను దగ్గర కొలువు చేస్తూ ఆయన మాట కాదనలేరు కదా! కానీ తండ్రి చదువు ఆపలేదు. పేరున్న పండితులను ఇంటికే పిలిపించి చెప్పించారు. తల్లుల బాధ్యతల గురించిన ఒక ఇంగ్లిష్ పుస్తకాన్ని హాలిదే తన చిన్న వయసులోనే టర్కిష్‌లోకి అనువదించారు. అది 1897లో అచ్చయింది. అందుకు పతకం ఇచ్చి గౌరవించింది కూడా ఆ సుల్తానే! తర్వాత మళ్లీ అదే కళాశాలలో చేరి, 1901లో అక్కడ పట్టా అందుకున్నారు.

ఆ ఏడాదే తనకు లెక్కలు చెప్పిన సాలిహ్ జెకీని పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కొడుకులు పుట్టారు. 1908 నుంచి పత్రికల్లో స్త్రీవిద్య గురించి రాస్తూ, మహిళల కోసం ఒక సంఘాన్ని స్థాపించారు. 1910లో భర్త రెండో పెళ్లికి సిద్ధపడ్డారు. సవతుల కాపురంలోని బాధ ఆమె పుట్టింట్లోనే చూశారు. అందుకే సర్దుకుపోలేదు, విడాకులు తీసుకున్నారు. తన కాళ్ల మీద తాను నిలబడే ధైర్యం చదువు ఇచ్చింది.

1919 మేలో గ్రీకు సైన్యం ఇజ్మీర్‌ను ఆక్రమించినప్పుడు, ఇస్తాంబుల్‌లోని సుల్తానహ్మెత్ మైదానంలో భారీ జనసమూహం ముందు ప్రసంగించారు. మరుసటి ఏడాది ఇస్తాంబుల్ ప్రభుత్వం ఆమెకు మరణశిక్ష వేసింది. అప్పటికే ఆమె, రెండో భర్త డాక్టర్ అద్నాన్ అంకారా చేరి ముస్తఫా కెమాల్ పోరాటంలో కలిశారు. సైన్యంలో కూడా పనిచేశారు.

గెలిచాక కెమాల్‌తో విభేదాలు వచ్చాయి. అద్నాన్ చేరిన ప్రతిపక్ష పార్టీని 1925లో మూసేశారు. దంపతులు పరదేశాల్లో గడపాల్సి వచ్చింది. 1934లో టర్కీ మహిళలకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కు వచ్చింది. హాలిదే మాత్రం అప్పుడు స్వదేశంలో లేరు. 1935లో భారతదేశం వచ్చి ఢిల్లీలోని జామియా మిల్లియాలో ఉపన్యాసాలిచ్చారు. గాంధీజీని కలిశారు, మన హైదరాబాదునూ చూశారు. ఆ అనుభవాలతో ఒక పుస్తకం రాశారు.

1939లో ఇంటికి తిరిగొచ్చి ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ సాహిత్యం బోధించారు. 1950లో ఇజ్మీర్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఏ ఊరు చేజారినందుకు మైదానంలో గొంతెత్తారో, ఆ ఊరే ఆమెను సభకు పంపింది. 1964లో కన్నుమూశారు.

బడి తలుపు మూసుకున్నప్పుడు ఆ తండ్రి ఇంటినే బడిగా మార్చారు. ఈ ఆదివారం మీ అమ్మాయికీ అబ్బాయికీ ఈ కథ చెప్పండి. తర్వాత, వాళ్లు ఏం చదవాలనుకుంటున్నారో ఓపిగ్గా వినండి.