బాలల శాస్త్ర గురువు - మైకేల్ ఫారడే

1859వ సంవత్సరం. లండన్ నగరంలో క్రిస్మస్ సెలవులు. ఆల్బెమార్ల్ వీధిలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాస మందిరం పిల్లలతో నిండిపోయింది. ప్రకృతిలోని బలాలను గురించి వారికి ఆరు ఉపన్యాసాలు ఇవ్వడానికి 68 ఏళ్ళ వృద్ధుడొకడు బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన చేసిన మొట్టమొదటి ప్రయోగానికి కావలసిన సామగ్రి ఒక కాగితం, ఒక దారం. కాగితాన్ని నిలువుగా నిలబెట్టి దారంతో లాగాడు. కాగితం పడిపోయింది. చేతిలోని బలం దారం గుండా కాగితాన్ని ఎలా చేరిందో ఆలోచించమన్నాడు. ఆ తరువాత ఉన్నిగుడ్డతో రుద్దిన లక్క ముక్కను కాగితం దగ్గరకు తెచ్చాడు. ఈసారి దారం లేదు, చేయి తగలలేదు. అయినా కాగితం లక్క వైపు వాలింది. పిల్లలు కళ్ళప్పగించి చూశారు.

ఆ వృద్ధుడే మైకేల్ ఫారడే. విద్యుత్తుతో చలనాన్ని, అయస్కాంతంతో విద్యుత్తును సాధించి చూపిన మహాశాస్త్రజ్ఞుడు. అంతటివాడు కాగితంతో, దారంతో పాఠం మొదలుపెట్టడానికి కారణం ఆయన బాల్యంలోనే ఉంది.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ సమీపంలోని న్యూవింగ్టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. అనారోగ్యం వల్ల తరచు పనికి వెళ్ళలేకపోయేవాడు. 1801లో ధాన్యం ధర మండిపోయిన రోజులలో తల్లి మైకేల్‌కు ఒక రొట్టె ఇచ్చేది. వారమంతా దానితోనే గడుపుకోవాలి. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు - బడిలో అతడు నేర్చినది ఇంతే. ఆ లోటు జీవితాంతం వెంటాడింది. ఆయన రాసిన శాస్త్ర వ్యాసాలలో బీజగణిత సమీకరణాలు కనిపించవు. ఆయన భావాలను గణితభాషలో చెప్పే పని తరువాతి కాలంలో మాక్స్‌వెల్ చేయవలసి వచ్చింది.

పదమూడవ ఏట మైకేల్ రీబో అనే పుస్తక విక్రేత దుకాణంలో కుదిరాడు. మరుసటి సంవత్సరం నుండి ఏడేళ్ళపాటు అక్కడే పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టడంతోపాటు చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తును గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే రచయిత్రి సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర గ్రంథం అతనిని ఆకట్టుకున్నాయి. అయితే చదివినదంతా నమ్మే స్వభావం కాదు. చేతిలో ఉన్న నాలుగు డబ్బులతో కొనగలిగిన వస్తువులు తెచ్చి పుస్తకంలో చెప్పినట్లు జరుగుతుందో లేదో పరీక్షించేవాడు. అర్ధపెన్నీ నాణెమంత జింకు బిళ్ళలు కత్తిరించి, వాటికి అర్ధపెన్నీ నాణేలనే జతచేసి, మధ్య ఉప్పునీటిలో తడిపిన కాగితాలు పేర్చి స్వయంగా విద్యుత్ ఘటాన్ని తయారుచేసుకున్నాడు.

1812లో ఒక ఖాతాదారు దయతో, సుప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు వినే అవకాశం దొరికింది. విన్నదంతా బొమ్మలతో సహా రాసి, అందంగా బైండు చేసి డేవీకి పంపాడు. బైండింగు పనే చేసుకోవడం మంచిదని డేవీ మొదట సలహా ఇచ్చాడు. కొద్దికాలానికి ఆయన సహాయకుని ఉద్యోగం పోయింది. ఆ స్థానంలో 1813 మార్చి 1న ఫారడే నియమితుడయ్యాడు. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడమీద రెండు గదులు ఇచ్చారు.

1820లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ విద్యుత్ప్రవాహం దిక్సూచి ముల్లును కదిలిస్తుందని కనుగొన్నాడు. ఆ కదలికలోని బలం ఏ దిశలో పనిచేస్తోంది? యూరప్ పండితులంతా తర్కిస్తున్న ఆ ప్రశ్నను ఫారడే బల్లమీదికి తెచ్చాడు. ఒక పాత్రలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతాన్ని నిలువుగా నిలబెట్టాడు. పైనుంచి వేలాడదీసిన తీగ కొన పాదరసంలో మునిగేటట్లు అమర్చి విద్యుత్తును పంపాడు. తీగ అయస్కాంతం చుట్టూ ఆగకుండా తిరగసాగింది. విద్యుత్తు నిరంతర చలనాన్ని కలిగించిన ఆ సంఘటన 1821 సెప్టెంబరులో జరిగింది. నేటి విద్యుత్ మోటారుకు అది మూలం. అప్పటికి ఫారడేకు వివాహమై మూడు నెలలు కూడా నిండలేదు. ప్రయోగం చూస్తున్న పద్నాలుగేళ్ళ బావమరిది జార్జి ఎదుటే ఆయన బల్ల చుట్టూ నాట్యం చేసి, అతనిని సర్కస్‌కు తీసుకుపోయాడట!

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. వోలాస్టన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు అంతకుముందే తీగ తన చుట్టూ తాను తిరుగుతుందని ఊహించి, డేవీ సమక్షంలో ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఫారడే ప్రయోగం వేరు, ఫలితం వేరు. కాని తొందరలో వ్యాసం ప్రచురిస్తూ వోలాస్టన్ పేరైనా తలచలేదు. ఆ పొరపాటు ఆయనదే. మరొకరి ఆలోచన దొంగిలించాడన్న నింద కమ్మరి కొడుకుకు గుండెకోత అయింది. 1824 జనవరిలో రాయల్ సొసైటీ సభ్యునిగా ఆయన ఎన్నికైనప్పుడు ఒకే ఒక వ్యతిరేక ఓటు పడింది. ఆ ఎన్నికను వ్యతిరేకించినవారిలో సొసైటీ అధ్యక్షుడైన డేవీ ముఖ్యుడు. ఫారడే మాత్రం డేవీని గురించి ఎన్నడూ పరుషంగా మాట్లాడలేదు. తీగ తిరిగే పరికరాన్ని జేబులో ఇమిడేటంత చిన్నదిగా చేయించి ఇతర దేశాల శాస్త్రజ్ఞులకు పంపాడు. సందేహమున్నవారు తామే నడిపి చూసుకోవచ్చు.

రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1825లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు ప్రారంభమయ్యాయి. 1827 మొదలు 1861 వరకు ఫారడే పందొమ్మిది పర్యాయాలు ఆ బాధ్యత వహించాడు. ఉపన్యాసకళ ఆయనకు పుట్టుకతో అబ్బినది కాదు. ఉచ్చారణ నేర్పే గురువు వద్ద రుసుము చెల్లించి నేర్చుకున్నాడు. వేగం పెరిగినప్పుడు హెచ్చరించడానికి మెల్లగా అని రాసిన అట్టను ఎదుట పెట్టించుకునేవాడు. చేయి విడిస్తే రాయి కింద పడుతుందని చెప్పవలసి వస్తే, తాను నిజంగానే రాయిని వదలి చూపుతానని ఒక యువ ఉపన్యాసకునికి బోధించాడు. అందరికీ తెలిసినదే కదా అని వదిలివేయడం ఆయన పద్ధతి కాదు. ఒక ఉపన్యాసంలో పెద్ద అయస్కాంతం మీదికి బొగ్గుల తొట్టిని, నిప్పు ఎగదోసే కడ్డీని, పటకారును విసిరాడు. అవన్నీ అక్కడే అతుక్కుపోయాయి. మందిరం నవ్వులతో మారుమోగింది. ఆ నవ్వు పిల్లలకు అయస్కాంత బలాన్ని మరువకుండా చేసి ఉంటుంది.

ఈ పద్ధతి పెద్దలకూ అవసరమని 1853లో తేలింది. ఆ రోజులలో ఇంగ్లండులో బల్లలు తిప్పే వ్యామోహం వ్యాపించింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని చేతులు ఆనిస్తే, ఆత్మల ప్రభావంతో బల్ల దానంతట అదే కదులుతుందని చదువుకున్నవారు సైతం నమ్మారు. ఫారడే వారిని ఎగతాళి చేయకుండా ఒక పరికరం తయారుచేశాడు. రెండు పలకల మధ్య గాజు కడ్డీలు దొర్లేటట్లు అమర్చి, పై పలక ఏమాత్రం జరిగినా తెలిపేందుకు ఒక గడ్డిపరకను సూచికగా పెట్టాడు. చేతులు పై పలక మీద ఉంచాలి. సూచికను చూడనివ్వనప్పుడు పై పలకే ముందు కదిలింది. అంటే చేతులే తెలియకుండా తోస్తున్నాయి. సూచిక కళ్ళ ముందున్నప్పుడు పలకా కదలలేదు, బల్లా తిరగలేదు. చలనం కనిపిస్తే బలం ఎక్కడిదో వెదకాలన్న చిన్న పాఠం పెద్ద చదువులు చదివినవారికి తెలియకపోవడం ఆయనను కలవరపరచింది. మరుసటి సంవత్సరం బుద్ధికి ఇవ్వవలసిన శిక్షణను గురించి ప్రత్యేకంగా ఒక ఉపన్యాసమే ఇచ్చాడు.

1859 నాటి ఉపన్యాసాలకు వెనుక ఈ ఆవేదన కూడా ఉంది. గురుత్వాకర్షణను వివరిస్తూ ఆయన పిల్లల ఆటవస్తువులను చేతబట్టాడు. మన తంజావూరు బొమ్మ ఎటు వంచినా మళ్ళీ లేచి నిలబడుతుంది; అటువంటి బొమ్మలోనే గరిమనాభి రహస్యం ఉంది.

ఇంగ్లండులోని తొమ్మిది ప్రసిద్ధ పాఠశాలల విద్యావిధానాన్ని విచారించడానికి 1861లో ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. ఈటన్, హారో వంటి ఆ పాఠశాలలలో గ్రీకు, లాటిన్ భాషలదే రాజ్యం. ప్రకృతి శాస్త్రానికి దాదాపు చోటే లేదు. 1862 నవంబరులో సంఘం ఎదుట సాక్ష్యమిస్తూ, సరళంగా వివరిస్తే ప్రయోగంలోని సారాంశం గ్రహించలేని బాలుడు తనకు ఇంతవరకు కనిపించలేదని ఫారడే చెప్పాడు. భాషలలో పండితులైనవారు ప్రకృతి విషయాలలో ఎంత అజ్ఞానులో తన అనుభవం నుంచి వివరించాడు. బాలుర చదువులో ప్రకృతి శాస్త్రానికి స్థానం ఉండాలని 1864లో సంఘం సిఫారసు చేసింది. ఆచరణకు మరెన్నో ఏళ్ళు పట్టింది.

అప్పటికే ఫారడే జ్ఞాపకశక్తి క్షీణించింది. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వెదకుకుంటూ వచ్చినా స్వీకరించని ఆయన, విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఇచ్చిన ఇంటిలో చివరి రోజులు గడిపాడు. 1867 ఆగస్టు 25న కుర్చీలో కూర్చుని ఉండగానే కన్నుమూశాడు. ఆయన కోరుకున్నట్లే అంత్యక్రియలు నిరాడంబరంగా జరిగాయి. హైగేట్ శ్మశానవాటికలోని సమాధిరాతి మీద ఆయన పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ మాత్రమే చెక్కారు.