తుప్పెరుగని ఉక్కును సాధించిన హారీ బ్రియర్లీ

ఇంగ్లండు దేశమున షెఫీల్డు పట్టణము ఉక్కునకును, కత్తుల తయారీకిని పేరెన్నిక గన్నది. ఆ పట్టణమునందలి ఒక పేద కార్మికుని ఇంట హారీ బ్రియర్లీ 1871 ఫిబ్రవరి 18న జన్మించెను. తండ్రి మూసలలో ఉక్కు కరగించువాడు. హారీ పండ్రెండవ యేటనే బడి విడిచి, తండ్రి పనిచేయు కర్మాగారముననే కూలికి కుదిరెను. పిదప అచ్చటి రసాయనశాలలో సీసాలు కడుగు పని లభించెను. రాత్రి బడులకు పోయియు, గ్రంథములు చదివియు ఆయన లోహశాస్త్రమును అభ్యసించెను. 1908లో రెండు ఉక్కు కంపెనీలు కలసి నెలకొల్పిన పరిశోధనశాలకు ఆయనయే అధిపతి అయ్యెను.

1912లో తుపాకి గొట్టములు త్వరగా అరిగిపోవుటకు విరుగుడు కనుగొను పని ఆయనకు అప్పగింపబడెను. క్రోమియము చేర్చిన ఉక్కు వేడికి ఎక్కువ తాళునని ఆయన తలచెను. 1913 ఆగస్టు 13న నూటికి 12.8 వంతుల క్రోమియము, 0.24 వంతు కర్బనము గల ఉక్కును పోయించెను. సూక్ష్మదర్శినితో పరిశీలించుటకు ముందు లోహముపై ఆమ్లము పూయుట పరిపాటి. ఈ ఉక్కును ఆమ్లము తినలేకపోయెను; నిమ్మరసము, వెనిగరు సైతము మరక వేయలేకపోయెను. ఇది తుపాకులకంటె భోజనపు కత్తులకు తగునని ఆయన గ్రహించెను.

సామాన్యపు ఉక్కుపై ఏర్పడు తుప్పు పెచ్చులుగా రాలి, లోపలి ఇనుమును మరల తడిగాలికి అప్పగించును. క్రోమియము నూటికి సుమారు పదకొండు వంతులున్నచో, అది గాలిలోని ప్రాణవాయువుతో కలసి కంటికి కానరాని గట్టి పొరగా నిలుచును. గీత పడినను గాలి తగిలినంతనే ఆ పొర తిరిగి ఏర్పడును. కర్బనము కత్తికి పదును నిచ్చును. కాని మితిమీరినచో క్రోమియమును తనలో బంధించి ఆ రక్షణను తగ్గించును. నికెలు చేరిన ఉక్కు సులభముగా సాగి, గిన్నెలు చేయుటకు అనువగును. మాలిబ్డినము ఉప్పునీటి బాధను తగ్గించును. క్రోమియము, నికెలు కలిపిన ఉక్కుపై జర్మనీలోని క్రుప్ సంస్థవారును 1912లోనే పేటెంటు కోరియుండిరి.

బ్రియర్లీ మాటను యజమానులు మొదట లక్ష్యపెట్టలేదు. కత్తుల పనివారు ఇది తెగని కత్తికి తగిన ఉక్కని ఎగతాళి చేసిరి. 1914లో ఎర్నెస్టు స్టూవర్టు అను కత్తుల తయారీ నిపుణుడు దానిని వెనిగరుతో పరీక్షించి, స్టెయిన్‌లెస్ అను పేరు పెట్టెను. తగిన వేడి నెరిగి పదునైన కత్తులను చేయించెను. అంతట ఆ ఉక్కుపై హక్కెవరిదను వివాదము పుట్టెను. బ్రియర్లీ తన శ్రమఫలమును వదలుకొనక, ఉద్యోగమునే వదలుకొని వేరొక కర్మాగారమున చేరెను. 1916లో అమెరికా పేటెంటును, 1920లో బెస్సెమరు స్వర్ణపతకమును పొందెను. 1941లో ధర్మకార్యములకై ఒక నిధిని స్థాపించెను. 1948 జులై 14న కన్నుమూసెను.

సీసాలు కడిగిన బాలుడు చదువు మానలేదు. నేడు మన వంటయిండ్లలో మెరయు ప్రతి స్టీలు గిన్నెలోను ఆ చదువుయొక్క ఫలము కొంత కలదు.