మూడో తరగతి పెట్టెలో మహాత్ముడు

దక్షిణాఫ్రికా నుంచి 1915 జనవరిలో స్వదేశానికి చేరుకున్న మోహన్‌దాస్ కరంచంద్ గాంధీకి గోపాలకృష్ణ గోఖలే ఒక నియమం విధించారు. ఏడాది పాటు దేశమంతా తిరిగి చూడాలి. ప్రజా సమస్యలపై పెదవి విప్పరాదు. ఆ సంచారానికి గాంధీ మూడో తరగతి రైలు పెట్టెనే ఎంచుకున్నారు. 1909లో హింద్ స్వరాజ్ రాసి రైళ్లను తీవ్రంగా దుయ్యబట్టిన మనిషికి, దేశాన్ని తెలుసుకోవడానికి ఆ రైలే గతి అయింది.

ఆ ఏప్రిల్‌లో హరిద్వార్ కుంభమేళాకు వెళ్తుండగా సహారన్‌పూర్‌లో ప్రయాణికులను పైకప్పు లేని సరకుల పెట్టెల్లోకి ఎక్కించారు. పైన మండుటెండ, కింద కాలిన ఇనుము. గొంతెండుతున్నా కొందరు హిందువులు ముస్లిం ఇచ్చే నీరు ముట్టక, హిందువు తెచ్చే నీటి కోసం ఎదురుచూశారు. 

లాహోర్‌లో బండి మారవలసి వచ్చినప్పుడు లోనికి అడుగుపెట్టే చోటే లేదు. పన్నెండు అణాలకు ఒప్పుకొన్న కూలీ ఆయనను కిటికీలోంచి లోపలికి తోశాడు. పై బల్ల గొలుసు పట్టుకుని రెండు గంటలు నిలబడ్డారు. పేరు తెలిశాకే తోటివారు సిగ్గుపడి చోటిచ్చారు. పేరు లేని సామాన్యుడికి ఆ చోటు దక్కేదా?

1917 సెప్టెంబరులో బొంబాయి నుంచి మద్రాసుకు మెయిల్‌లో ప్రయాణించారు. టిక్కెట్టు 13 రూపాయల 9 అణాలు. రెండు రాత్రుల ప్రయాణం. పెట్టెలో 22 మందికే చోటు. రాయచూరు దాటి బండి నాటి దత్తమండలాల మీదుగా, అంటే నేటి రాయలసీమ గుండా సాగిన రాత్రి, అందులో 35 మంది దాకా కిక్కిరిశారు. కొందరు మురికి నేలపైనే పడుకున్నారు. మరుగుదొడ్డి దారి పొడవునా శుభ్రానికి నోచుకోలేదు. తొట్టెలో నీళ్లు లేవు. ఐదు రాత్రులుగా రైల్లోనే ఉన్న ఒక వర్తకుడు మొరపెట్టుకుంటే గార్డు అవమానించాడు.

ఆ నెలలోనే గాంధీ ఇదంతా పత్రికలకు లేఖగా రాశారు. వైస్రాయి మొదలు మహారాజుల వరకు అందరూ ముందుగా చెప్పకుండా మూడో తరగతిలో ప్రయాణించి చూడాలని సూచించారు. తప్పంతా రైల్వేలదేనని మాత్రం ఆయన అనలేదు. ఎక్కడపడితే అక్కడ ఉమ్మే, తోటివారిని లెక్కచేయని ప్రయాణికులనూ తప్పుపట్టారు.

1918లో ఆరోగ్యం దెబ్బతిన్నాక కొంతకాలం మూడో తరగతిని దాదాపు వదులుకోవలసి వచ్చింది. అందుకు ఆయన బాధపడ్డారు, సిగ్గుపడ్డారు కూడా.

1948 ఫిబ్రవరి 11న ఢిల్లీ నుంచి అలహాబాద్ సంగమానికి ఆయన అస్థికలు బయలుదేరింది మూడో తరగతి పెట్టెలోనే. దాని సంఖ్య 2949.