అగస్టీన్ తల్లి మోనికా

క్రైస్తవ చరిత్రలో సహనానికి మారుపేరుగా నిలిచిన స్త్రీ పునీత మోనికా. భర్తల చేత బాధలు పడే ఇల్లాండ్రు తమ గోడు వినే తల్లిగా ఆమెను తలచి ప్రార్థించడం కథోలికులలో ఆచారం. అమెరికాలో సముద్రతీరాన ఒక నగరమే ఆమె పేరు ధరించింది. ఇంతటి కీర్తికి మూలమైన ఆమె సంసార జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం మా ఉద్దేశ్యం. ఆమె వ్రాసినదేదీ మనకు దక్కలేదు. మనకు తెలిసినది చాలామట్టుకు ఆమె కుమారుడు అగస్టీన్ 397 ప్రాంతంలో వ్రాయనారంభించిన ‘కన్ఫెషన్స్’ అనే ఆత్మకథ వల్లనే. తల్లిని ప్రాణప్రదంగా ప్రేమించిన కొడుకు చెప్పిన కథ ఇది అన్న సంగతి పాఠకులు మరువరాదు.

నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ పట్టణానికి ఆ రోజులలో తగాస్తే అని పేరు. రోమన్ సామ్రాజ్యానికి లోబడిన ఆ ఊరిలో 331 ప్రాంతంలో మోనికా ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించింది. పుట్టింట ఒక వృద్ధ దాసి ఆమెను కట్టుదిట్టంగా పెంచింది. ఈడు రాగానే పాట్రీషియస్‌కు ఇచ్చి వివాహం చేశారు. అతడు పురపాలక సభ్యుడు, కొద్దిపాటి ఆస్తి గలవాడు, క్రైస్తవుడు కాడు. దయాగుణం ఉన్నా కోపిష్ఠి. పరస్త్రీ లోలత్వమూ ఉండేది. దానిని గురించి భార్య ఏనాడూ తగవు పెట్టుకోలేదట.

ఆ ఊరి స్త్రీలు కలిసి కూర్చున్నప్పుడు జరిగిన ముచ్చట ఒకటి అగస్టీన్ వర్ణించాడు. వారిలో పలువురి ముఖాలపై దెబ్బల గుర్తులుండేవి. వారి భర్తలు పాట్రీషియస్ కంటె నెమ్మదస్తులే! అంతటి ముక్కోపి ఇంట మోనికా ఒక్క దెబ్బయినా తినలేదే అని వారు ఆశ్చర్యపడేవారు. ఆమె తన పద్ధతిని వివరించేది. భర్త కోపంగా ఉన్నప్పుడు మాటతో గాని చేతతో గాని ఎదిరించరాదు. కోపం చల్లారిన తర్వాత తన పని ఎందుకు న్యాయమో నిదానంగా చెప్పుకోవాలి. పెండ్లినాడు చదివి వినిపించిన ఒప్పంద పత్రం తమను దాసీలుగా చేసిన పత్రమని భావించుకొమ్మని కూడా ఆమె సలహా ఇచ్చేది. ఈ మాట పరిహాసంగా అన్నట్లు కనిపించినా, అందులో గంభీరమైన అర్థముందని కొడుకు అభిప్రాయం. ఆమె మాట విన్నవారు సుఖపడ్డారనీ, విననివారు బాధలు పడుతూనే ఉన్నారనీ అతడు ముగించాడు.

ఇక్కడ మేము కొంత ఆగవలసి ఉన్నది. మోనికా చెప్పినది దిక్కులేని స్థితిలో ఒక తెలివైన స్త్రీ కనిపెట్టిన ఉపాయం. దానిని తరువాతివారు ధర్మంగా మార్చి, దెబ్బలు తిన్న ప్రతి స్త్రీకీ బోధించారు. నోరు మెదపకపోతే దెబ్బ పడదన్నప్పుడు, పడిన ప్రతి దెబ్బకూ ఆమె నోరే కారణమన్న అర్థం వెంట వస్తుంది. ఓర్పు అన్నా, సబర్ అన్నా, ఈ బోధ ఏ మతంవారి ఇంటనైనా వినిపించేదే. మరొక సంగతి. కొందరు దాసీలు అత్తగారికి చాడీలు చెప్పగా, మోనికా తన వినయంతో అత్తగారి మనస్సును గెలుచుకున్నది. అప్పుడు అత్తగారి ఫిర్యాదుపై పాట్రీషియస్ ఆ దాసీలను కొట్టించాడు. ఆనాటి నుండి ఇంట శాంతి నెలకొన్నదని అగస్టీన్ సంతోషంగా వ్రాశాడు. ఇల్లాలిపై దెబ్బ పడని ఆ ఇంటిలో దాసీలపై పడింది. వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు.

ఆ శతాబ్దిలోనే క్రైస్తవులలో వేరొక స్వరమూ వినవచ్చింది. అంతియొకయలో జాన్ క్రిసోస్తోము, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికను వివరిస్తూ, భార్యను కొట్టే పురుషుని తీవ్రంగా గర్హించాడు. ఆ ఇంటి కేకలు వీధిలో వినబడితే, లోపల క్రూరమృగం ప్రవేశించినట్లు ఇరుగుపొరుగు పరుగెత్తి వస్తారని వర్ణించి, అంతకంటె సిగ్గుచేటు లేదన్నాడు. అయితే అతడు కూడా స్త్రీలకు సహనమే బోధించాడు. 449లో రెండవ థియోడోసియస్ చక్రవర్తి, కొరడా దెబ్బలు తిన్న భార్య విడాకులు పొందవచ్చునని శాసించగా, 542లో జస్టీనియన్ ఆ హక్కును తీసివేసి ధనదండనతో సరిపెట్టాడు. మన దేశంలో 1869 నాటి చట్టం ప్రకారం క్రైస్తవ స్త్రీకి భర్త క్రూరత్వమొక్కటే విడాకులకు చాలేది కాదు. 2001లో గాని అది మారలేదు.

మోనికా నోరులేనిది కాదు. కొడుకు మానీ మతంలో చేరినప్పుడు అతనిని తన పంక్తిన భోజనానికి కూర్చోనివ్వలేదు. పాట్రీషియస్ అవసాన దశలో క్రైస్తవుడై 371 ప్రాంతంలో గతించాడు. తర్వాత ఆమె సముద్రం దాటి మిలాన్‌కు వెళ్ళి కొడుకును చేరుకున్నది. తుఫానులో భయపడిన నావికులకు ఆమెయే ధైర్యం చెప్పింది. అగస్టీన్ తన శిష్యమిత్రులతో జరిపిన తత్త్వచర్చలలో ఆమె పాల్గొన్నది. 387లో ఈస్టరునాడు అతడు జ్ఞానస్నానం పొందడం కన్నులారా చూచింది.

అదే సంవత్సరం స్వదేశానికి తిరిగి వెళుతూ, ఓస్తియా రేవులో జ్వరపడి, 56వ ఏట మరణించింది. తగాస్తేలో భర్త ప్రక్కన సమాధి కావాలని ఎంతోకాలం ఏర్పాట్లు చేసుకున్న ఆమె, తుది దినాలలో ఆ కోరిక వదలుకొని, దేహాన్ని ఎక్కడ పూడ్చినా సరేనన్నది. 1945లో ఓస్తియాలో ఆటకోసం గుంజ పాతుతున్న ఇద్దరు బాలురకు ఆమె సమాధి ఫలకం ముక్క దొరికింది. ఆ శాసనం ఆమెను అగస్టీన్ తల్లిగా కీర్తించింది. పాట్రీషియస్ పేరు అందులో లేదు.