అంధులకు తోడునిచ్చిన ఖలీఫా

ఉమవీ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ పేరు చెప్పగానే విజయాలే గుర్తుకొస్తాయి. తారిఖ్ బిన్ జియాద్ స్పెయిన్ గడ్డపై అడుగుపెట్టింది ఆయన కాలంలోనే. ముహమ్మద్ బిన్ ఖాసిం సింధ్‌కు వచ్చిందీ, ఖుతైబా బిన్ ముస్లిం సమర్ఖంద్‌ను జయించిందీ అప్పుడే. అయితే నడవలేనివారికి, చూపులేనివారికి, కుష్ఠురోగులకు ఆయన చేసిన ఏర్పాటు గురించి మన ఇళ్లలో మాట్లాడుకోవడం తక్కువ.

వలీద్ మదీనాలో జన్మించారు. తండ్రి అబ్దుల్ మలిక్ బిన్ మర్వాన్ మరణానంతరం హిజ్రీ 86లో, అంటే క్రీ.శ. 705లో, దమిష్క్ రాజధానిగా ఖిలాఫత్ బాధ్యతలు చేపట్టారు. ఆయన పెద్ద పండితుడేమీ కాదు. అరబీ మాట్లాడుతుంటే వ్యాకరణ దోషాలు దొర్లేవని చరిత్రకారులు దాచకుండా రాశారు. కట్టడాలంటే మాత్రం ఎంతో మక్కువ. దమిష్క్ జామె మసీదును కట్టించారు. మదీనాలో మస్జిదె నబవీని విస్తరింపజేశారు. ప్రయాణికుల కోసం బావులు తవ్వించారు, కొండదారులను సుగమం చేయించారు.

హిజ్రీ 88లో (క్రీ.శ. 707) ఆయన రోగుల కోసం ఒక ఆలయం నెలకొల్పి, వైద్యులను నియమించి, వారికి జీతాలు ఏర్పరిచారని మఖ్రీజీ రాశారు. అది పూర్తిస్థాయి ఆస్పత్రి అనడానికి నేటి పరిశోధకులు కొందరు ఒప్పుకోరు. కానీ తబరీ చరిత్రలో నమోదైన మరో విషయం అంతకంటే విలువైనది. వలీద్ కుష్ఠురోగులకు భత్యం ఇచ్చి, ఇకపై ఎవరిముందూ చేయి చాచవద్దన్నారు. నడవలేని ప్రతి ఒక్కరికీ ఒక సేవకుణ్ని, చూపులేని ప్రతి ఒక్కరికీ దారి చూపే ఒక మనిషిని ఏర్పాటు చేశారు.

ఇందులోని వివేకాన్ని గమనించాలి. ఊళ్లో హకీం ఉన్నంత మాత్రాన చూపులేనివాడికి వైద్యం అందినట్టు కాదు. ఆ గుమ్మం దాకా తీసుకెళ్లే చేయి కూడా వైద్యంలో భాగమే. ఆ చేయిని బంధువుల దయకు వదిలేయకుండా రాజ్యం తన బాధ్యతగా తీసుకుంది.

దీనికి పునాది ఇస్లాంలో ముందే ఉంది. చూపులేని సహాబీ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలోనే అబస సూరా అవతరించింది. దైవప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లినప్పుడు పలుమార్లు ఆయననే తమ స్థానంలో ఉంచి వెళ్లారు.

వలీద్ పాలన మచ్చలేనిదని చెప్పలేం. ఇరాక్‌లో హజ్జాజ్ బిన్ యూసుఫ్ సాగించిన కాఠిన్యాన్ని ఆయన ఆపలేదు. సయీద్ బిన్ జుబైర్ (రహ్మ) వంటి మహా పండితుడు ఆ రోజుల్లోనే హతులయ్యారు. కుష్ఠురోగులను జనంలో తిరగనీయకుండా వేరుగా ఉంచడం ఆ కాలపు పద్ధతి. నేడు మందులతో ఆ వ్యాధి పూర్తిగా నయమవుతుంది, వెలి అవసరం లేదు.

వలీద్ హిజ్రీ 96లో (క్రీ.శ. 715) మరణించారు. తర్వాత ఖలీఫా అయిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కూడా అంధులకు తోడును, దీర్ఘరోగులు ఇద్దరికి ఒక సేవకుణ్ని ఇప్పించారని గ్రంథాలు చెబుతున్నాయి. మంచి పని చేసినవారితో ముగిసిపోలేదు.

మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నింటిలో వారికి అడ్డంకులు లేని దారి ఉండాలనీ, వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలనీ చెబుతోంది. ఆ హక్కును అడిగి తీసుకోవాలి. కానీ మంచం దిగలేని తాతను ఆటో ఎక్కించేది చట్టం కాదు. మాట వినపడని చెల్లెలికి డాక్టరు చెప్పింది తెలియజేసేది ఇంటివాళ్లో, ఇరుగుపొరుగో.

ఈ జుమా నమాజు తర్వాత మన మొహల్లాలో ఒక్క ప్రశ్న వేసుకుందాం. తోడు లేక ఆస్పత్రికి వెళ్లలేకపోతున్నవారు ఎవరున్నారు? ఒక్కరు కనిపించినా, వారి చేయి పట్టుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.