వైమానిక వీరుడు ఇంద్రలాల్ రాయ్



వీరచరిత్రములను బిడ్డలకు వినిపించుట పెద్దల ధర్మము. ఆ వీరుడు మన శాఖయందే, మన సీమయందే జన్మించి యుండవలెనను నియమము లేదు. వంగదేశమున జన్మించి పరాసుదేశపు గగనమున నేలకొరిగిన ఇంద్రలాల్ రాయ్ చరిత్రమును అందువలననే ఈ సంచికయందు సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఇంద్రలాల్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి ప్యారీలాల్ రాయ్ ప్రసిద్ధుడగు బారిస్టరు. తల్లి లలితాదేవి స్త్రీలకు వోటుహక్కు కావలెనని ఆంగ్లదేశమున పాటుపడిన విదుషీమణి. బిడ్డల విద్యకొఱకై ఆ కుటుంబము లండనులో నివసించెను. ఇంద్రలాల్ అచ్చటి సెయింటు పాల్సు పాఠశాలలో చదువుచుండగా 1914లో మహాయుద్ధము ప్రారంభమయ్యెను.

ఆ బాలునకు విమానదళమున చేరవలెనని కోరిక కలిగెను. వైద్యులు దృష్టిలోపమున్నదని త్రోసివేసిరి. అతడు నిరాశ చెందక తన మోటారుసైకిలును అమ్మి, ఆ సొమ్ముతో పేరుపొందిన నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొనెను. మొదటి నిర్ణయము రద్దయ్యెను. 1917 జూలైలో అతడు రాయల్ ఫ్లయింగు కోరునందు అధికారిగా నియుక్తుడయ్యెను. ఆ యుద్ధమున అట్టి చోదకులైన భారతీయులు నలుగురే.

అక్టోబరులో 56వ స్క్వాడ్రనున చేరిన అతని విమానము డిసెంబరు 6వ తేదీన కూలిపోయెను. మరణించెనని తలచి శవాగారమున నుంచగా, స్పృహవచ్చి తలుపు తట్టెనని చెప్పుదురు. కోలుకొనుచున్న దినములలో విమానముల చిత్తరువులు గీయుచుండెను. దేహస్థితి చాలదని వైద్యులు చెప్పినను, పై అధికారులను ఒప్పించి, 1918 జూనులో 40వ స్క్వాడ్రనున చేరెను.

అటుపిమ్మట జరిగినది ఆశ్చర్యకరము. జూలై 6 మొదలు 19 వఱకు, రెండు వారములైనను నిండకమునుపే, పది విజయములు అతని ఖాతాలో చేరెను. వానిలో రెండు సహచరులతో పంచుకొన్నవి. 8వ తేదీన నాలుగుగంటలలో మూడు విమానములను గెలిచెను. జూలై 22వ తేదీన కార్వాన్ పట్టణముపై శత్రువుల ఫోకరు విమానములతో పోరాడుచు నేలకొరిగెను. అప్పటి కతనికి ఇరువది సంవత్సరములైనను నిండలేదు. ఎస్తెవెల్ గ్రామశ్మశానమున అతని సమాధి నేటికిని గలదు.

ఆ సెప్టెంబరులో మరణానంతరము విశిష్ట వైమానిక పతకము లభించెను. దానిని పొందిన ప్రథమ భారతీయు డితడే. అతని మేనల్లుడు సుబ్రతో ముఖర్జీ 1954లో భారతవైమానికదళమునకు ప్రథమ భారతీయాధిపతి యయ్యెను. 1998లో శతజయంతి సందర్భమున మన ప్రభుత్వము తపాలాబిళ్ళను వెలువరించెను.

అతడు పోరాడినది పరప్రభుత్వపు పతాకము క్రింద గదా యని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానిని మేము కప్పిపుచ్చము. అయినను, భారతీయులకు సైన్యమున అధికారిపదవులు మిక్కిలి యరుదైన ఆ కాలమున, మనవారు విమానమును నడుపగలరని అతడు ప్రాణము నొడ్డి నిరూపించెను. దాని మూల్యమును చెల్లించినది ఒక తల్లి. బిడ్డల ధైర్యమును మెచ్చుకొనునపుడు ఆ తల్లులను గూడ స్మరింతుముగాక!

శుభం భూయాత్.